విశ్రాంతిని గూర్చి కొన్ని మాటలు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు ఈ యేడును నన్ను కోరిరి. గ్రంథపఠనమును గూర్చియో, దస్తూరిని గూర్చియో, పిల్లలు చేయు అక్షరదోషములను గూర్చియో వ్రాయుట నాకు వాడుక. అట్టి వ్యాసమే యొకటి మొదలుపెట్టి సగము వ్రాసితిని గూడ. ఇంతలో అర్ధసంవత్సర పరీక్షలు సమీపించినవి. ఒకనాడు పదవ తరగతి పిల్లలకు తలకొక చీటీ యిచ్చి, పేరు వ్రాయవలదనియు, తమ మనస్సును మిక్కిలి బాధించుచున్న విషయమేదో ఒక్క వాక్యములో వ్రాయవలసినదనియు చెప్పితిని. లెక్కలనియు, భౌతికశాస్త్రమనియు వ్రాయుదురని నా యూహ. అట్లు వ్రాసినవారు కొందరు లేకపోలేదు. తక్కిన చీటీలు చదివిన పిమ్మట మాత్రము నేను చాలసేపు కుర్చీనుండి లేవలేకపోతిని.

"రాత్రి నిద్ర పట్టటం లేదు" అని యొక చీటీ. "అక్కకి 570 వచ్చాయి, నాకు రావు" అని యింకొకటి. "అప్పులవాళ్లు ఇంటికి వస్తున్నారు, నాన్న మాట్లాడటం మానేశారు" అని వేరొకటి. "ఫోను పక్కన పెట్టాలని ఉంది, పెట్టలేకపోతున్నాను" అని వ్రాసినవారు ఒకరు కాదు, పలువురు. ఒక చీటీలో "అలిసిపోయాను" అను మాట తప్ప మరేమియు లేదు. పదునైదేండ్ల బిడ్డ వ్రాసిన మాట యది. దస్తూరిని గూర్చిన వ్యాసమును ప్రక్కన పెట్టితిని.

ఇప్పుడందరును "ఒత్తిడి" యను మాటనే వాడుచున్నారు. తెలుగు చెప్పుకొని బ్రదుకుచున్న దానను గనుక ఈ మాటను గూర్చి రెండు ముక్కలు చెప్పుట నా కలవాటు. మన పెద్దలకు దీనికి పలు పేర్లు గలవు. దూరమైన బిడ్డను తలంచి తల్లి పడునది బెంగ. బండి తప్పిపోవునేమో యని పడునది ఆదుర్దా. తీరని అప్పువలన గలుగునది చింత. కారణము తెలియక గుండెలో కదలునది గుబులు. మా యమ్మమ్మ వీనియన్నిటిని గలిపి "గుండెలమీద కుంపటి" యనెడిది. ఇన్ని పేర్లును ఒక్క ఒత్తిడిలో కలిసిపోవుట నాకు నచ్చదు. బెంగకు చేయు వైద్యము వేరు, అప్పుకు చేయు వైద్యము వేరు గదా. ఆ సంగతి మరల చెప్పెదను.

పేరేదైనను దేహము మాత్రము అన్నిటికి నొకేవిధముగ బదులు చెప్పునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అమెరికా దేశీయుడగు వాల్టరు కానన్ అను శరీరశాస్త్రవేత్త భయక్రోధములవలన దేహమునందు గలుగు మార్పులను గూర్చి 1915లో నొక గ్రంథము ప్రకటించెను. మూత్రపిండములమీద టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులున్నవి. ఆపద తోచినంతనే అవి ఎడ్రినలిను అను పదార్థమును రక్తములోనికి వదలును. గుండె వేగముగ గొట్టుకొనును. కండరములకు రక్తము హెచ్చుగ బోవును. కనుపాపలు విప్పారును. అన్నము జీర్ణమగుట మందగించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగుననుట దీని సారాంశము. పిమ్మట 1936లో హాన్సు సెల్యె అను వైద్యుడు కెనడాలోని మాంట్రియలు నగరమున ఎలుకలమీద పరీక్షలు చేసి, చలి గాని, గాయము గాని, మితిమీరిన శ్రమ గాని, బాధించు కారణ మేదైనను ఎలుక దేహమున గలుగు మార్పు లొక్కరీతిగనే యున్నవని "నేచర్" పత్రికలో చిన్న లేఖగా ప్రకటించెను. బాధ యెడతెగకుండిన ఎలుకల కడుపులో పుండ్లు పడినవట.

పొలము గట్టుమీద నడచు రైతునకు త్రాచుపాము ఎదురైనదనుకొనుడు. ఒక్క పెట్టున గుండె దడదడలాడును. కాళ్లకు ఎన్నడును లేని బలము వచ్చును. ఒక్క గంతులో అవతల పడును. పాము తన దారిని పోవును. రైతు చెట్టు నీడను కూర్చుండి చుట్ట ముట్టించుకొని, పది నిమిషములలో ఆ కథను తోటివారికి నవ్వుచు చెప్పును. అంతటితో ఆ వ్యవహారము ముగిసినది. పాము విషయమున దేవుడిచ్చిన యీ యేర్పాటు ఎంతయో చక్కనిది. చిక్కేమనగా, ఇప్పుడు మనకు ఎదురగు పాములు దారిని పోవు. తెల్లవారి బస్సు, పది గంటల పరీక్ష, మధ్యాహ్నపు నివేదిక, సాయంకాలపు వాయిదా, రాత్రి పదకొండు గంటలకు చేతిలో మ్రోగు ఫోను. ఒకటి పోకమునుపే రెండవది పడగ విప్పును. చెట్టు నీడను కూర్చుండు పది నిమిషములు మనకు మిగులుట లేదు.

ఒత్తిడి యంతయు చెడ్డదని నేను చెప్పుట లేదు. నులక మంచము సంగతి పల్లెటూరి పిల్లలకు తెలియును. నులక వదులైనచో పడుకొన్నవాని నడుము నేలకు దిగును. అందుచేత అప్పుడప్పుడు బిగింతురు. బిగువు కొంత యుండవలసినదే. పరీక్షయే లేనిచో పుస్తకము తెరుచు పిల్లలు మన తరగతులలో నెందరుందురో వారికి తెలియును, నాకును తెలియును. రాత్రింబవళ్లు బిగించుచునే పోయినచో నులక తెగును, అదియే నా భయము.

నాకు ఈ విషయము పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. రెండేండ్ల క్రిందట, నా నలుబదిమూడవ యేట, తరగతిలో పద్యమునకు తాత్పర్యము చెప్పుచుండగా నెడమవైపు రొమ్ము బిగిసినట్లయి, మాట ఆగిపోయెను. పిల్లలు భయపడిరి. ఆసుపత్రికి గొనిపోయిరి. గుండెకు దోషమేమియు లేదని తేలినది గాని రక్తపుపోటు 150/100 ఉండెను. వైద్యురాలు నాకంటె చిన్నది. ఆమె నా దినచర్యను చెప్పుమని యడిగెను. చెప్పితిని. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచుట, కుళాయినీళ్లు పట్టుట, అయిదు క్యారేజీలు సర్దుట, ఏడుంబావు బస్సు, ఆరు పీరియడులు, రాని ఉపాధ్యాయునికి బదులొక పీరియడు, సాయంకాలము వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతి, ఇంటికి రాగానే పొయ్యి, పొయ్యి దగ్గరనుండి పేపర్ల కట్ట, కట్ట ప్రక్కన ఫోను. చెప్పుచుండగా నాకే ఆయాసము వచ్చినది. ఆమె యంతయు విని, "ఇందులో మీరు ఊరికే కూర్చునేది ఎప్పుడండీ?" అనెను. బస్సులో నని చెప్పితిని. బస్సులో సీటు దొరకునా యని యామె యడుగలేదు, నేను చెప్పలేదు.

ఆమె మందు వ్రాసినది. మందు వాడుచున్నాను. మందుతోపాటు దినచర్యలో మార్చుకొన్న సంగతులు కొన్ని గలవు. అవి గొప్ప సంగతులు కావు. చదువరులలో నెవరికైన నుపయోగపడునేమో యని చెప్పుచున్నాను.

మొదటిది వంటింటి గూటిలో నుంచిన నలుబది పుటల నోటుపుస్తకము. పడుకొనుటకు ముందు అయిదు నిమిషములు రేపటి పనులన్నియు దానిలో వ్రాసెదను. గ్యాసుబండ, ఏడవ తరగతి మార్కులు, అత్తయ్యగారి కంటిమందు, బీరువా తాళము. ఇది నేను కనిపెట్టినది కాదు. బ్లూమా జైగార్నికు అను మనస్తత్త్వశాస్త్రవేత్త బెర్లినులో పరిశోధించి, పూర్తియైన పనులకంటె సగములో నిలిచిన పనులే మనస్సులో హెచ్చుగ నిలుచునని 1927లో ప్రకటించెను. దీపమార్పిన పిమ్మట గ్యాసుబండయు, బీరువా తాళమును వరుసగా వచ్చి మంచముచుట్టు నిలుచుటకు కారణ మిదియే. 2018లో అమెరికాలో 57 మందిని నిద్రాపరిశోధనశాలలో నుంచి చూడగా, రేపటి పనులను వ్రాసి పడుకొన్నవారు, చేసిన పనులను వ్రాసి పడుకొన్నవారికంటె సుమారు 9 నిమిషములు ముందుగ నిద్రించిరట. 9 నిమిషములేనా యని నవ్వకుడు. అర్ధరాత్రి మేలుకొని కప్పు చూచువానికి 9 నిమిషము లెంతయో.

రెండవది ఫోను. తరగతి తలిదండ్రులకు వాట్సాప్ సమూహమొకటి యున్నది. రాత్రి యెనిమిది గంటల తరువాత నేను దానిని చూడననియు, అత్యవసరమైనచో ఫోను చేయవచ్చుననియు అందరికి తెలియజేసితిని. పదిమంది సంతోషించిరి. వారికిని అదియే కావలెనని తోచినది. ఒకాయన మాత్రము, "జీతం తీసుకునేది ఎందుకండీ మరి?" అని యందరు చదువునట్లే వ్రాసెను. ఆయన యిప్పటికిని నాతో ముభావముగనే యుండును. ఉండనిండు. ఫోను ఎనిమిది గంటలకు బియ్యపు డబ్బామీదికి చేరును. ఆ డబ్బా వంటింటిలో నుండును, నా మంచము ముందుగదిలో నుండును.

మూడవది పనిని పంచుకొనుట. ఇది యన్నిటికంటె కష్టమైనది. క్యారేజీలు సర్దుట మా వారు తీసికొనిరి. మా పెద్దవాడు ఇంటరు చదువుచున్నాడు. చట్నీ చేయు పని వానికి వచ్చినది. మొదటి వారము ఉప్పు తిన్నవారికే తెలియును. మా యత్తయ్యగారు డెబ్బదియెనిమిదేండ్లవారు. ఆమె యేమనునో యని నాకు లోలోపల జంకు. ఆమె గుమ్మములో కూర్చుండి చూచి చూచి, "మగపిల్లాడు చట్నీ చేస్తే ఇల్లేం కూలిపోదులేవే. నా కాలంలో ఎవరికీ తోచలేదు, అంతే" అనెను. ఆమె పడిన కష్ట మెంతయో ఆ "అంతే" యను మాటలో వినవచ్చినది.

ఇక బస్సు దిగిన తరువాత ఆటో ఎక్కక కాలువగట్టున ఇరువది నిమిషములు నడచివచ్చుట. నడచునప్పుడు గాలిని లోనికి దీయుటకంటె వెలికి వదలుట నెమ్మదిగ జేయవలసినదని వైద్యురాలు చెప్పినది. ఊపిరి వదలునప్పుడు గుండె వేగము కొంచెము తగ్గుట సహజమట. ఇప్పుడు రక్తపుపోటు 130కి దిగినది. మందు మానలేదు.

ఇక్కడ నొక మాట చెప్పవలెను. ఊపిరి నెమ్మదిగ బీల్చుకొనుమనియు, చిరునవ్వు నవ్వుమనియు, సంతోషము మనలోనే యున్నదనియు చెప్పు ఉపన్యాసములు ఈ దినములలో నెక్కువైనవి. అప్పులవాడు గుమ్మములో కూర్చున్న యింటి పెద్దకు ఈ యుపదేశము చేయుట నాకు హాస్యాస్పదముగ దోచును. అతనికి కావలసినది వాయిదా, తక్కువ వడ్డీ, పంటకు ధర. మూడు ఉద్యోగముల పని ఒక్కతె చేయుచున్నప్పుడు ఆమె మనస్సును మాత్రమే సరిచేసిన ప్రయోజనము లేదు, పనిని తగ్గింపవలెను. బెంగకు మంచిమాట మందగును. అప్పుకు మంచిమాట వడ్డీ కట్టదు. ఒత్తిడి యను ఒక్క మాటలో అన్నిటిని గలుపరాదని మొదట నన్నది యిందుకే.

ఆదివారపు సెలవు మన దేశమున కార్మికులకు ఎట్లు వచ్చినదో మన పిల్లలకు తెలిసియుండదు. బొంబాయి నూలుమిల్లులలో పనివారు సూర్యోదయము మొదలు సూర్యాస్తమయమువరకు పనిచేసెడివారు. వారమున కొక దినము సెలవను నియమము లేదు. జోతీరావు ఫూలేగారి సత్యశోధక సమాజమునకు చెందినవాడును, "దీనబంధు" పత్రికా సంపాదకుడును అగు నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు పనివారి నొకచోట జేర్చి, వారమున కొక దినము విశ్రాంతి కావలెనని వినతిపత్రము సిద్ధపరచెను. ఆరేండ్లు అడిగిరి. 1890లో మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. 1891 నాటి ఫ్యాక్టరీల చట్టములో వారపు సెలవు చేరినది. ఆ పనివారిలో ప్రతివాడును తన మట్టుకు తాను ఊపిరి పీల్చుకొని యూరకుండినచో ఆదివారము వచ్చియుండెడిది కాదు.

మా క్రైస్తవ కుటుంబములలో ఆదివారమును గూర్చి హెచ్చుగ మాటలాడుదుము. విశ్రాంతిదినమును గూర్చిన ఆజ్ఞలో దాసదాసీజనమును, పశువులును గూడ చేరియున్నవని మా నాయనగారు తరచు జ్ఞాపకము చేసెడివారు. మా యిండ్లలో స్త్రీలకు ఆ దినము సండేస్కూలు, ఆరాధన, పాటల అభ్యాసము, చుట్టములు, కోడికూర. సోమవారము ఉపాధ్యాయుల గదిలో మా మొగములు చూచినవారికి విశ్రాంతి యెంత దొరకినదో తెలియును.

తక్కినవారిలోను విశ్రాంతికి నియమములు గలవు. మా వీధిలోని తాపీమేస్త్రులు అమావాస్యనాడు తాపీ ముట్టరు. ఇల్లు కట్టించుకొనువాడు ఎంత తొందరపడినను వారు కదలరు. సంక్రాంతి మరునాటి కనుమ పశువుల పండుగ. ఎడ్లకు కాడి యెత్తరు. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. విశ్రాంతిని ఎవరి యిష్టమునకు వారికి విడిచినచో ఎవరును తీసికొనరని ఆ నియమము పెట్టినవారికి తెలిసియుండును.

మా నాయనగారు గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖవారి లస్కరు. కాలువగట్టు కాచుట, తూముల తలుపులు ఎత్తి దించుట, గండి పడకుండ జూచుట ఆయన పని. కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టగా 1852 నాటికి ముగిసినదని మీరు సాంఘికశాస్త్రములో చదువుకొనియే యున్నారు. ఆ కాలువలలో ప్రతి సంవత్సరమును, దాళ్వా పంట చేతికి వచ్చిన తరువాత, నీరు కట్టివేయుదురని మాత్రము పాఠములో లేదు. సాధారణముగ ఏప్రిలు నెలలో కట్టివేసి మరల జూనులో వదలుదురు. ఆ దినములలోనే పూడిక తీయవలెను, గుర్రపుడెక్క యేరివేయవలెను, తలుపులకు తుప్పు గోకి రంగు పూయవలెను, గట్లు బలపరుపవలెను. నీరు పారుచుండగా ఈ పనులు కావు. చిన్నతనమున నాకు ఎండిన కాలువను జూచిన దిగులుగ నుండెడిది. "ఎందుకు నాయనా ఆపేస్తారు, ఎప్పుడూ పారిస్తే బాగుంటుంది కదా" అని యడిగితిని. ఆయన, "కట్టకపోతే అడుగు పైకొచ్చేస్తుందమ్మా. అప్పుడు నీళ్లొదిలినా శివారు చేలకి ఎక్కదు" అనిరి.

ఆయన చెప్పిన రెండవ సంగతి యింకను విలువైనది. కట్టివేతకు ముందు ఊరి మంచినీటి చెరువులన్నియు నింపుకొనవలెను. ఆ పదిదినములు ఆయనకు నిద్ర యుండెడిది కాదు. ఏ యూరి చెరువు నిండలేదో, ఏ తూమువద్ద తగవు వచ్చినదో తిరిగి చూచెడివారు. చెరువు నింపక కాలువ కట్టినచో జనము గొంతెండి పోవును. విశ్రాంతియనగా పని యెగగొట్టుట యని తలంచు విద్యార్థులకు ఈ ముక్క చెప్పుచున్నాను. సెలవులకు ముందు నోటుపుస్తకములు పూర్తిచేసినవాడు సెలవులలో ఆడుకొనును. చేయనివాడు సెలవులన్నియు నోటుపుస్తకమును తలంచుకొని యాడుకొనును. పాపము, వాడు ఆడినట్లును గాదు, చదివినట్లును గాదు.

నిద్రను గూర్చి విద్యార్థులకు వేరుగ చెప్పవలెను, ఏలయనగా తెల్లవార్లు చదివితిమని గొప్పగ జెప్పుకొను ఆచారము మన పదవ తరగతిలో బలపడుచున్నది. 13 మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలకు దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. జెంకిన్సు, డాలెన్‌బాకు అను నిరువురు శాస్త్రజ్ఞులు 1924లో అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమున నిద్దరు విద్యార్థులచేత అర్థములేని అక్షరములను కంఠస్థము చేయించి చూచిరి. నేర్చిన వెంటనే నిద్రించినప్పుడు వారికి జ్ఞాపకమున్నంత, మేలుకొనియున్నప్పుడు జ్ఞాపకము లేకపోయెను. ఇద్దరిని జూచి యేమి నిర్ణయింపగలమని మీలో తెలివిగలవారు అడుగవచ్చును. ఆ ప్రశ్న మంచిదే. తరువాత వచ్చిన పెక్కు పరిశోధనలు గూడ ఆ వైపే చూపినవి. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణ పొందుచుండగా ఈ పరిశోధనను నేను పరీక్షకు చదువుకొంటిని. దానిని చదువుటకై రాత్రి రెండు గంటలవరకు మేలుకొనియుంటిమి, వసతిగృహములో మేము నలుగురము. అది తలంచుకొన్నప్పుడెల్ల నవ్వు వచ్చును.

తలిదండ్రులతో గూడ కొంచెము మాటలాడవలసియున్నది. మొన్న తలిదండ్రుల సమావేశమునాడు ఒక ఆటో నడుపు నాయన నావద్దకు వచ్చి, కుమారుడు అన్నము సరిగ తినుట లేదనియు, పిలిచిన నులికిపడుచున్నాడనియు చెప్పెను. "నేను వాడినేమీ అననండి టీచరుగారూ. చెయ్యి కూడా ఎత్తను. ఇంటికెళ్లాక ఇవాళ ఎన్ని మార్కులొచ్చాయిరా అని అడుగుతానండి, అంతే" అనెను. ప్రతిదినమునా యని యడిగితిని. "రోజూనండి. మరి పట్టించుకోవాలి కదండీ" అనెను. ఆయన ప్రేమను గూర్చి నాకు సందేహము లేదు. పగలంతయు ఆటో నడిపి బిడ్డ ఫీజు కట్టుచున్న మనిషి. అయినను ఆ పిల్లవానికి ఇంటి గుమ్మము పరీక్షహాలు గుమ్మమైనది. ఒక నెల మార్కుల మాట విడిచి, మధ్యాహ్నము ఎవరితో గూర్చుండి తింటివి, ఏమి యాట ఆడితివి యని యడిగి చూడుమంటిని. ఆయన తల గోకుకొని, "అలా అడిగితే నాకే కొత్తగా ఉంటుందండి" అని నవ్వెను. అడుగుచున్నాడో లేదో నాకు తెలియదు. పిల్లవాడు గత వారము కబడ్డీలో మోకాలు చెక్కుకొని వచ్చెను. నాకు సంతోషము గలిగినది.

ఫలితములు వచ్చు దినమును గూర్చి వ్రాయుటకు కలము వెనుకాడుచున్నది. వ్రాయకుండుట మేలుకాదు. ఏటేట ఆ వారమున పత్రికలలో చదువు వార్తలు మీరును చదువుచునే యున్నారు. 35 మార్కులు రాని సబ్జెక్టును కొద్ది వారములలోనే సప్లిమెంటరీ పరీక్షలో మరల వ్రాయవచ్చును. పోయిన ప్రాణమునకు సప్లిమెంటరీ లేదు. ఏ బిడ్డయైనను బ్రదుకుమీద విసుగు పుట్టినట్లు ఒక్క మాట యనినను, "ఊరుకో, పిచ్చిమాటలు" అని కసరకుడు. ప్రక్కన కూర్చుండి వినుడు, ఒంటరిగ విడువకుడు. భారత ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో "టెలీ మానస్" అను సహాయకేంద్రమును నెలకొల్పిరి. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును. రుసుము లేదు. తెలుగులోనే మాటలాడుదురు. ఈ సంఖ్యను మా తరగతి నల్లబల్ల మూలను వ్రాయించితిని, తుడువవద్దని మానిటరుకు చెప్పితిని. మానిటరు దానిచుట్టు రంగుసుద్దతో గీత గూడ గీసెను. ఈ సంచిక చదువు తలిదండ్రులు ఇంటిగోడ క్యాలెండరుమీద వ్రాసియుంచవలసినదిగ వేడుచున్నాను.

ప్రధానోపాధ్యాయులుగారు నా చీటీల సంగతి విని, గురువారము కడపటి పీరియడును పదవ తరగతికి పుస్తకములు లేకుండ విడిచిరి. సిలబసు పూర్తికాదేమోయని ఉపాధ్యాయుల గదిలో కొంత చర్చ జరిగినది. లెక్కల మాస్టారుగారు ఇప్పటికిని సంశయించుచునే యున్నారు, వారి కారణములు వారికి గలవు. పిల్లలను తీసికొని ఆవరణలోని నిద్రగన్నేరు క్రిందికి బోవుదుము. చెట్లు కనబడు కిటికీగల గదిలో నుంచిన రోగులు, ఇటుకగోడ కనబడు గదిలోనివారికంటె కొంత ముందుగ ఇంటికి బోయిరనియు, బాధ తగ్గించు ఘాటైన మందులు తక్కువగ వాడిరనియు రోజరు ఉల్రికు అను నాయన అమెరికాలో 46 మంది రోగుల వివరములు పరిశీలించి 1984లో వ్రాసెను. కిటికీలోనుండి చూచినందుకే అంత మేలైనచో, క్రిందనే కూర్చుండుట మంచిదని నా వాదము. లెక్కల మాస్టారుగారు దానికి బదులు చెప్పలేదు.

మొదటి గురువారము పిల్లలకు ఏమి చేయవలెనో తోచలేదు. చేతులు కట్టుకొని వరుసగ కూర్చుండిరి. రెండవ గురువారము కొందరు అచ్చనగాయలు ఆడిరి, ఒకడు పాట పాడెను, ఇద్దరు చెట్టు మొదట తలలానించి నిజముగనే నిద్రించిరి. మూడవ గురువారము మబ్బు పట్టి, గంట కొట్టకముందే నిద్రగన్నేరు ఆకులు మెల్లగ ముడుచుకొనసాగెను. చీకటి పడినను, వానమబ్బు పట్టినను ఆ చెట్టు ఆకులు ముడుచుకొనునని చెప్పితిని. అందరును తలలెత్తి చూచిరి. ముందు వరుసలోని యొక బాలిక మెల్లగ చేయి యెత్తి, "టీచర్, ఇది పరీక్షకి వస్తుందా?" అని యడిగెను. రాదని చెప్పితిని. ఆమె మరల చెట్టువైపు చూడసాగెను.